పై కొసన వేసిన కంచె

అది పెద్దనీళ్ళ తర్వాత ఇరవై ఒకటో యేడు. మా ఫ్రెంచివాళ్ళ ఊరు కోత్ రూజ్‌లో యేళ్ళ లెక్క అంతే. స్పెయినోళ్ళు పోయారు, బోస్టనోళ్ళు వచ్చారు, ఎవరి కాగితాల మీద వాళ్ళ లెక్కలు వాళ్ళు వేసుకున్నారు. మాకు మాత్రం పెద్దనీళ్ళకు ముందు, పెద్దనీళ్ళకు తర్వాత. ఆ వేసవిలో మిసిసిపీ పాత ఊరిని ఎత్తుకుపోయింది. చర్చి గంట ఒక్కటి దక్కింది. దాన్ని పడవలో వేసుకుని ఎర్రకొండ కిందికి జరిగి ఇళ్ళు కట్టుకున్నాం.

ఊరు జరిగింది గానీ చేను జరగదు. ఉమ్మడి చేను అక్కడే ఉంది, నదికీ కొండకీ మధ్య. ఇంటికొక పట్టీ. వెడల్పు కొంచెమే, పొడుగు చాలా. నది ఒడ్డున మొదలై కొండపాదాన ఆగుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య కంచె ఉండదు. దున్నేటప్పుడు నాగలిని పక్కవాడి గట్టు మీద తిప్పుకుంటాం, వాడు మన గట్టు మీద తిప్పుకుంటాడు. మొత్తం చేను చుట్టూ ఒకటే కంచె. అందులో ఎవరి వాటా వాళ్ళు కట్టాలి. కోతలయ్యాక తలుపులు తెరిచి ఊరి పశువులను లోపలికి వదుల్తాం. విత్తనాల ముందు బయటికి తోలి తలుపులు మూస్తాం.

నా పట్టీలో కింది సగం పెద్దనీళ్ళకు ఇసకమేట పడిపోయింది. దాని మీద కలుపు కూడా సరిగా మొలవదు. పై కొసే మాకు తిండి పెట్టేది. అక్కడ కొండపాదాన ఊట ఉంది, నేల నల్లగా ఉంటుంది. ఇంట్లో అమ్మ, నేను, తల్లిలేని నా ఇద్దరు ఆడపిల్లలు. మా నలుగురి రొట్టె ఆ కొసన పండేది.

నా పక్క పట్టీ వేన్సాఁ మావది. ఆయన పోయాక ఆయన కొడుకు నార్సీస్ చేతికొచ్చింది. నార్సీస్‌కు చేను పని అంటే ఒళ్ళు నొప్పి. మిసూరీ పైకి వెళ్ళి తోళ్ళ బేరం చేస్తానని, తల్లికి చెప్పకుండా పట్టీని ప్రూయిట్ అనే బోస్టనోడికి అమ్మేశాడు. నిజానికి ప్రూయిట్ బోస్టన్ మొహం కూడా చూసినవాడు కాదు, కెంటకీ నుంచి వచ్చాడు. ఇంగ్లీషు మాట్లాడే అమెరికావాళ్ళందరూ మాకు బోస్టనోళ్ళే. అమ్మాక నార్సీస్ తోళ్ళ బేరానికీ పోలేదు. నాలుగు ముక్కలు వాళ్ళ భాష వచ్చు గనక ప్రూయిట్ వెనకే తిరుగుతూ మాటలు మోసేవాడు.

కోతలయిన వారం ప్రూయిట్ ఒక సర్వేయరును తెచ్చాడు. పేరు టాలివర్. పొడుగ్గా, ఎండకు ఎర్రబడ్డ మెడతో, మర్యాదగా ఉండే మనిషి. మూడుకాళ్ళ కర్ర మీద దిక్సూచి పెట్టుకుని, ఇద్దరు మనుషులు గొలుసు లాగుతుంటే ఒడ్డు నుంచి పైకి గీత పట్టుకొచ్చాడు. నేను పై కొసన మొక్కజొన్న మోళ్ళు దున్నుతున్నాను. మా ఎద్దులకు కాడిని మెడకు కాదు, కొమ్ములకు కడతాం. అది చూసి గొలుసు పట్టేవాళ్ళు నవ్వుకున్నారు.

గీత నా ఊటకు ఇవతల వచ్చి ఆగింది. అంటే ఊట అవతల పడింది.

తప్పెక్కడో నాకు వెంటనే తెలిసింది, ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుంది. మా పట్టీలు గీసినప్పుడు నది ఒకలా ఉండేది. పెద్దనీళ్ళ తర్వాత అది వంగింది. పట్టీలు వంగలేదు. టాలివర్ ఇప్పటి ఒడ్డుకు ఎదురుగా నిలబడి తిన్నగా గీశాడు. కింద అంతా బాగానే ఉంది. పైకి వచ్చేసరికి గీత నా మీదికి ఒరిగి, నల్లనేలంతా ప్రూయిట్ పక్కకు పోయింది.

టాలివర్ టోపీ తీసి ఏదో అడిగాడు.

"ఇన్యాస్, ఈయన అడుగుతున్నాడు," అన్నాడు నార్సీస్, నా మొహం చూడకుండా ఎద్దుల మొహం చూస్తూ. "ఈ గీతకు నీకేమైనా అడ్డమా అని."

నేను మాట్లాడలేదు.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. మేం హద్దురాయి పాతేటప్పుడు ఇరుగుపొరుగు ఇద్దర్నీ నిలబెట్టి మూడుసార్లు అడుగుతాం, ఇక్కడేనా అని. ఇద్దరూ మూడుసార్లూ నోరు తెరిచి ఇక్కడే అనాలి. నోరు తెరవకపోతే రాయి దిగదు. మాట రాలేదంటే కాదన్నట్టే. మా నాన్న ఒకసారి మధ్యాహ్నమంతా పెదవి విప్పకుండా కూర్చున్నాడట. చివరికి రాయిని ఆయన చూస్తున్న చోటికి జరిపాక గానీ ఇక్కడే అనలేదట. అందుకని నేను నాగలి మేడి పట్టుకుని గట్టిగా, బాగా కనపడేలా, ఊరుకున్నాను.

టాలివర్ మళ్ళీ అడిగాడు. నార్సీస్ మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ ఊరుకున్నాను.

అంతలో పెలజీ అత్త వచ్చింది, నార్సీస్ తల్లి. పందులకు ఏరిన పీచ్ పండ్ల బుట్ట చంకలో ఉంది.

"ఒరే నార్సీసూ! మీ నాన్న చెమట మీంచి గొలుసు ఈడిపిస్తున్నావట్రా? ఆ డబ్బాలో సూదికి ఈ ఊట నీళ్ళు తీపో చేదో తెలుసా, అడుగు!"

"ఏమంటోంది ఆమె?" అని ప్రూయిట్ అడిగినట్టున్నాడు.

నార్సీస్ చెప్పింది విని ప్రూయిట్ ఆకాశం వైపు చూసి తలూపాడు. తర్వాత తెలిసింది, ఎండ ఎక్కువగా ఉందంటోంది అని చెప్పాడట.

టాలివర్ మూడోసారి కూడా అడిగాడు. మంచి మనిషి, తొందరపడలేదు. నేను మూడోసారి కూడా పెదవి విప్పలేదు. ఆయన తలూపి, ఏదో రాసుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను చాలు పూర్తి చేసి ఇంటికొచ్చాను. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ కాదన్నాను. తిండి సహించింది, నిద్ర పట్టింది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి గుమ్మం దగ్గర అందరం ఆగుతాం. ఊరి సంగతులన్నీ అక్కడే. ఆ యేడు కంచె పెద్ద యాసింత్ బాబాయ్. చుట్టూ కంచెలో ఎవరి వాటా ఎలా ఉందో చూసి చెప్పే పని ఆయనది. నిదానస్తుడు, ఎవరితోనూ తగాదా పెట్టుకోడు.

"ఇన్యాస్," అన్నాడు, గొంతు సవరించుకుని. "పట్నంలో పటం దాఖలైంది. నీ పై కొస ప్రూయిట్‌ది అయింది. పొరుగువాణ్ణి మూడుసార్లు అడిగాం, అడ్డం చెప్పలేదు అని రాసుకున్నాడు సర్వేయరు."

"నేనసలు నోరు తెరవలేదు," అన్నాను.

"అదే కదరా రాసింది!"

జనం నవ్వారు. నవ్వక ఏం చేస్తారు. నేను మాట్లాడని సంగతి ఊళ్ళో పిల్లలకు కూడా ఆటపాట. నా పెళ్ళిరోజు కూడా నన్ను ఒప్పుకోమనడానికి పాదిరి గారు మోచేత్తో పొడిచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వాళ్ళకూ అర్థమైంది. ఎవరిని అడిగినా వాళ్ళూ అలాగే ఊరుకునేవాళ్ళు.

రాయి తవ్వి చూపిద్దాం అన్నాడు యాసింత్ బాబాయ్. కబురు పంపితే టాలివర్ వచ్చాడు. మా నాన్న, వేన్సాఁ మావ కలిసి పాతిన హద్దురాయి ఊటకు అవతల ఉంది, ప్రూయిట్ గీతకు చాలా లోపల. మేం రాయి కింద పెంకులు పెడతాం. ఒక కుండపెంకును అందరి ముందూ పగలగొట్టి, ముక్కలు కింద పెట్టి, పైన రాయి దించుతాం. ఎవడైనా రాయి జరిపితే కింద పెంకులుండవు, పెట్టినా అతకవు. వాటిని మేం సాక్షులు అంటాం. మట్టి తీశాం, సాక్షులు దొరికాయి. యాసింత్ బాబాయ్ వాటిని అరచేతిలో అతికించి చూపించాడు. పచ్చ పూత వేసిన పెంకు. పెలజీ అత్త చూసి, "అది మా అత్తగారి జాడీ మూత. ఎవరు పగలగొట్టారా అని చచ్చేదాకా నన్నే తిట్టింది," అంది.

టాలివర్ ఆ ముక్కలను చాలాసేపు చూశాడు. తర్వాత జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు.

"బాగుంది అంటున్నాడు," అన్నాడు నార్సీస్. "కానీ పటం వెళ్ళిపోయింది అంటున్నాడు. పెంకులు పటంలో పట్టవట. అడ్డం చెప్పాల్సింది ఆ రోజు. వాళ్ళ దేశంలో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనట."

"అలాగా!" అంది పెలజీ అత్త. "అయితే వాళ్ళ దేశంలో పెళ్ళిళ్ళు బలే తేలిగ్గా అయిపోతాయన్నమాట. పిల్ల సిగ్గుపడితే చాలు."

ఇది మాత్రం నార్సీస్ తెలియజేశాడు. టాలివర్ మెడ ఇంకా ఎర్రబడింది. ప్రూయిట్‌కు నవ్వు రాలేదు. మర్నాడు వాడి మనుషులు హద్దురాయిని గొలుసుతో ఈడ్చుకుపోయి వాడి గుడిసె గుమ్మంలో మెట్టుగా వేశారు. సాక్షులను తొక్కి నలిపేశారు.

అమ్మకు చెప్పాను. అమ్మ పెయోరియా మనిషి, మాకంటే ముందు ఈ నేల మీదున్న తెగ. నాన్న చేసుకున్నాక చర్చిలో పేరు పెట్టారు గానీ ఇంట్లో తన మాట తనది, తన గంజి తనది. ఆవేళ రోట్లో మొక్కజొన్న దంచుతోంది.

"నిన్ను మూడుసార్లు అడిగారా?" అంది.

"అడిగారు."

"మీ నాన్న అక్కడ రాయి పాతిన రోజు నేను ఊట దగ్గరే ఉన్నా. పదేళ్ళదాన్ని. మా వాళ్ళు అక్కడ నీళ్ళు తాగేవాళ్ళు, చలికాలం అక్కడే దిగేవాళ్ళు. మమ్మల్ని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు."

రోకలి పోటు ఆగలేదు.

"ఇప్పుడేం చేస్తావు?"

"తెలీదు."

"తెలుసుకో. నేను ఒకసారి పోగొట్టుకున్నా ఆ నీళ్ళను. మళ్ళీ మీ నాన్న ఇంటికొచ్చాక తాగాను. రెండోసారి పోగొట్టుకోను. ఆ కొస వదిలేసి వచ్చేట్టయితే ఈ గుమ్మం ఎక్కకు."

అమ్మ నన్ను అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అలాంటి మాట అనలేదు.

ఆకులు పండేవేళకు ప్రూయిట్ తన గీత మీద కంచె వేశాడు. ఓక్ దుంగలు చీల్చి, బద్దలను అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చే వాళ్ళ తరహా కంచె. నా పై కొస చుట్టూ, ఊటను లోపలేసుకుని. ఉమ్మడి చేను లోపల కంచె ఉండటం అంతకుముందు ఎవరూ చూడలేదు. పిల్లలు చూడటానికి వెళ్ళారు. దాని దగ్గర నాగలి తిప్పుకోవడానికి లేదు. మేతకు వదిలిన పశువులు ఊట వాసన పట్టి వచ్చి, అడ్డం చూసి అరుస్తూ నిలబడేవి.

నేను రోజూ వెళ్ళి ఇవతల నిలబడేవాణ్ణి. లోపల నేల దున్ని ఉంది, నేను దున్నిందే. శీతాకాలం గోధుమ మంచు పడకముందే చల్లాలి. చల్లకపోతే వచ్చే యేడు రొట్టె లేదు. ఇసకలో చల్లితే పిట్టలకు పెట్టినట్టే.

"కోర్టుకు వెళ్ళు," అన్నారు కొందరు.

"కోర్టులో ఇన్యాస్ ఏం మాట్లాడతాడు?" అన్నారు ఇంకొందరు.

"బేరమాడుకో. ఊట నీళ్ళయినా ఇమ్మను," అన్నాడు యాసింత్ బాబాయ్. "గొడవ పెట్టుకుంటే ఊరందరి పటాలూ తిప్పి రాస్తారు. ఇది నీ ఒక్కడి కొసతో పోనీ."

ఆయన తప్పుగా అనలేదు. భయపడి అన్నాడు. ఊళ్ళో చాలామంది మాట అదే, ఆయన పైకి అన్నాడు.

పశువులను తోలి తలుపులు మూసే రోజు వచ్చింది. ఆ రోజుకు చుట్టూ కంచె అంతా నిలబడి ఉండాలి. అందరూ తమ తమ వాటాలు సరిచేసుకున్నారు. వేన్సాఁ మావ పట్టీకి వచ్చే వాటా వాగు పక్కన ఉంది. పాతబడి పడిపోయింది. పట్టీతో పాటు ఆ వాటా కూడా ప్రూయిట్‌కు పోయింది, అది మా లెక్క. యాసింత్ బాబాయ్ నార్సీస్‌ను తీసుకుని వెళ్ళి మర్యాదగా చెప్పాడు.

ప్రూయిట్ అన్నదేంటో నార్సీస్ తలవంచుకుని చెప్పాడు. "నా చేనుకు నేను కట్టుకున్నాను, మీ చేనుకు మీరు కట్టుకోండి అంటున్నాడు."

"అబ్బాయీ, ఇది వేరు వేరు చేను కాదని చెప్పు," అన్నాడు యాసింత్ బాబాయ్.

"చెప్పాను బాబాయ్. పటం చూపిస్తున్నాడు."

మా దగ్గర వాటా కట్టని వాణ్ణి ఏం చేయాలో కూడా పద్ధతి ఉంది. కంచె పెద్ద మూడు ఆదివారాలు చర్చి గుమ్మంలో వాడి పేరు చదువుతాడు. అప్పటికీ కట్టకపోతే ఊరు కడుతుంది. కర్ర మాత్రం వాడిదే వాడాలి. వాడి పెరట్లో ఉన్నా, వాడి దొడ్డికున్నా, ఎక్కడుంటే అక్కడి నుంచి తీసుకోవచ్చు. ఊళ్ళో అది చాలాసార్లే జరిగింది. వేన్సాఁ మావకే ఒకసారి జరిగింది, ఆయన కోళ్ళగూడు పీకి కంచె కట్టారు. ఆయన కోళ్ళు ఆ చలికాలమంతా పెలజీ అత్త మంచం కింద పడుకున్నాయి.

యాసింత్ బాబాయ్ ఒక ఆదివారం ప్రూయిట్ పేరు చదివాడు, మెల్లగా. రెండో ఆదివారం ఇంకా మెల్లగా చదివాడు. మూడో ఆదివారానికి మేం చర్చిలో ఉండగా పశువులు వాగు పక్క సందులోంచి చేనులోకి దూరాయి.

పాదిరి గారు ఇంకా దీవెన ఇవ్వలేదు. ఎవరో తలుపు దగ్గర నుంచి "ఆవులు!" అని కేకేశారు. ఆడా మగా పండగ బట్టలతోనే పరుగెత్తాం. గోధుమ అప్పుడే వేలెడు ఎత్తు లేచింది. ఊరి మంద మంద అందులో ఉంది. తోలి బయటికి పంపేసరికి చేను మధ్యంతా కొరికి, తొక్కి, బురద చేసి పెట్టాయి. అందరికంటే ఎక్కువ పోయింది యాసింత్ బాబాయ్‌ది. ఆయన తన పట్టీ మధ్యలో నిలబడి, మోకాళ్ళదాకా బురదతో, ఆవును కాదు, నన్ను కాదు, వాగు వైపు చూస్తున్నాడు. ఆ ముసలాయన అంత కోపంగా ఉండటం నేను చూడలేదు.

ప్రూయిట్ కంచె లోపల మాత్రం ఒక్క గిట్ట కూడా పడలేదు. నా నల్లనేల దున్నింది దున్నినట్టే ఉంది, ఖాళీగా.

తిరిగి చర్చి గుమ్మం దగ్గర చేరాం. ఎవరి బట్టలూ బట్టల్లా లేవు. యాసింత్ బాబాయ్ మూడోసారి పేరు చదివాడు. ఈసారి కొండ మీద మేకలకు కూడా వినపడింది.

"వాటా కట్టలేదు. ఊరు కట్టాలి. కర్ర వాడిదే. ఎవరికైనా అడ్డమా?"

ఎవరూ అడ్డం చెప్పలేదు. ఈసారి అందరూ నోరు తెరిచి చెప్పారు, కట్టాలి అని.

"వాడి కర్ర ఎక్కడుంది?"

అందరికీ తెలుసు. వాడి గుడిసె తప్ప వాడి కర్రంతా నా పై కొస చుట్టూ నిలబడి ఉంది. కోళ్ళగూడు పీకడం వేరు. ఈ కంచె పీకితే పట్నం నుంచి షెరీఫ్ వస్తాడు. వాళ్ళ లెక్కలో అది దొంగతనం. పీకినవాణ్ణి పట్టుకెళ్ళి కొత్తగా కట్టిన జైల్లో పెడతారు. ఆ జైలు కట్టడానికి మా ఊరివాళ్ళే రాళ్ళు మోశారు.

"ముందు గవర్నరుకు రాద్దామా?" అన్నారు ఎవరో.

"రాస్తే జవాబొచ్చేసరికి పశువులు చర్చిలో ఉంటాయి."

"మరి మొదట ఎవరు చెయ్యేస్తారు?"

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. నాకు అమ్మ కనిపించింది. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూడటం లేదు. పిల్లల జుట్లలోంచి గడ్డి ఏరుతోంది.

"నేను," అన్నాను. "రేపు పొద్దున. ఆ బద్దలు నేను తీసి వాగు దగ్గర కడతాను. ఊరి కోసం ఒకటి. రెండోది, ఆ కొస నాది. ఆ రోజు కూడా నాదే. నేను ఒప్పుకోలేదు. జైలుకి పోతే మా పిల్లలకు రొట్టె చూడండి."

నేను అంతసేపు ఒక్క ఊపున మాట్లాడటం వాళ్ళెవరూ వినలేదు.

"గంట కొట్టండ్రా ఎవరైనా," అంది పెలజీ అత్త. "మూగోడికి మాటొచ్చింది."

నవ్వారు. కానీ ఒక్కడు కూడా నేనూ వస్తాననలేదు. వాళ్ళను తప్పుపట్టను. పిల్లలున్నవాళ్ళు.

నార్సీస్ ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్ళాను.

"వెళ్ళి చెప్పు వాడికి. చాటుగా కాదు. పొద్దున్నే, ఆడవాళ్ళు నీళ్ళు తోడే వేళకు వస్తాను. నిలబడి చూసుకోమను. ఒక్క ముక్క కూడా మార్చకుండా చెప్పు. ఎండగా ఉందని చెప్పకు."

వాడు ఎర్రబడ్డాడు. వెళ్ళాడు. చీకటి పడకముందే తిరిగొచ్చి మా గుమ్మం బయటే ఆగాడు.

"తుపాకీ తీసుకుని నిలబడతానంటున్నాడు, ఇన్యాస్."

"విన్నాను."

"నిజంగానే అంటున్నాడు."

"నేనూ అంతే."

వాడు వెళ్ళబోతూ, "మా నాన్న ఉంటే నన్ను చంపేసేవాడు," అన్నాడు. తలూపి వెళ్ళిపోయాడు. అమ్మ లోపల నుంచి అంతా విని, నాకు రొట్టె, పంది కొవ్వు పెట్టింది. పిల్లలకు ఏమీ చెప్పలేదు.

పొద్దున ఎద్దులకు కాడి కట్టాను. కొమ్ములకే కట్టాను. పెద్ద బండి పూన్చి, చేను తలుపు తీసుకుని, మంచుతో తడిసిన గట్టు వెంట పైకి వెళ్ళాను. పిల్లలు లేవలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చేయి ఊపలేదు, ఆమెకు అలవాటు లేదు.

ప్రూయిట్ ఊట దగ్గర తుపాకీతో నిలబడి ఉన్నాడు. పక్కన గొలుసు పట్టిన మనుషులిద్దరు. నార్సీస్ వాళ్ళకు దూరంగా, చేతులు జేబుల్లో పెట్టుకుని. ప్రూయిట్ ఏదో గట్టిగా అన్నాడు.

"ముట్టుకుంటే..." అని నార్సీస్ మొదలుపెట్టాడు.

"చెప్పక్కర్లేదు," అన్నాను.

బండి ఆపాను. మొదటి బద్ద పైన మంచు ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి బండిలో వేశాను. తుపాకీ మీట వెనక్కి లాగిన చప్పుడు వినపడింది. నేను తల తిప్పలేదు. తిప్పితే చేతులు ఆగిపోతాయని తెలుసు. రెండో బద్ద ఎత్తాను. బరువుగా ఉంది, మంచి ఓక్. ప్రూయిట్ అరుస్తూనే ఉన్నాడు. మూడోది ఎత్తుతుంటే కింద చేను వైపు నుంచి బండి చక్రం కీచుమంది. మా బండ్లకు చక్రాలకు కొవ్వు రాయం, అరమైలు నుంచి వినపడతాయి. ఏ బండి ఎవరిదో కీచులోనే తెలుస్తుంది. అది యాసింత్ బాబాయ్‌ది.

ఆయన నా పక్కన బండి ఆపి దిగాడు. చేతులకు తోలు తొడుగులు వేసుకున్నాడు. బురద బట్టలే, నిన్నటివే.

"నీ కోసం కాదురా," అన్నాడు. "నా గోధుమ కోసం. ఆ చివర పట్టు."

పట్టాను. ఇద్దరం కలిసి ఎత్తాం. వెనకాల పెలజీ అత్త కూడా నడిచొచ్చింది, ఊట కోసం అన్నట్టు చేతిలో బకెట్టు. బద్దలు తీసిన చోట దాటి, ప్రూయిట్ ముందు నుంచే నడిచి ఊట దగ్గరికి వెళ్ళి వంగి నీళ్ళు ముంచుకుంది. తుపాకీ ఆమె వైపు తిరిగింది, మళ్ళీ మా వైపు తిరిగింది. నార్సీస్ జేబుల్లోంచి చేతులు తీసి, ప్రూయిట్‌కు ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నేనెప్పుడూ అడగలేదు. చెప్పి, కంచె దాటి ఇవతలికి వచ్చి, మూడో మనిషిగా బద్ద పట్టుకున్నాడు. తల్లి వాడి వంక చూసి, బకెట్టు ఎత్తుకుంది.

ప్రూయిట్ తుపాకీ దించి, గుర్రం ఎక్కి పట్నం దారి పట్టాడు, మనుషులిద్దరూ వాడి వెనకే. షెరీఫ్ కోసమేనని అందరికీ తెలుసు. మేం పని ఆపలేదు. ఊట పక్క నుంచి నా గట్టు దాకా ఒక వైపు మొత్తం తీసేశాం. నా బండి నిండింది. దాన్ని వాగు దాకా తోలుకెళ్ళాను. సందు దగ్గర దించి, పాత కుళ్ళిన బద్దలు తీసి పక్కన పడేసి, కొత్తవి ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఆవులు అవతల నిలబడి చూస్తున్నాయి. సగం సందు మూసుకుంది.

ఎద్దులను మళ్ళించి, రెండో బండెడు కోసం పై కొసకు వెళ్ళాను.